ఎర్ర పెన్నుతో చదివిన పుస్తకాలు

నా పని ప్రూఫులు దిద్దడం. ఇరవై ఏడేళ్లుగా అదే. పుస్తకం చేతికొస్తే కథ కంటే ముందు ఒత్తులు కనిపిస్తాయి, పేజీ నంబర్లు కనిపిస్తాయి, పేరా చివర లైన్లో ఒంటరిగా మిగిలిపోయిన మాట కనిపిస్తుంది. హాయిగా చదువుకోవడం అనేది ఎప్పుడో పోయింది. ఈ జబ్బుతోనే గత మూడేళ్లుగా ఒకే రకం పుస్తకాలు చదువుతున్నాను. తెల్లవాళ్లు ఓడల్లో వచ్చి నేలను ఆక్రమించుకున్న దేశాల్లో, వాళ్లకంటే ముందు నుంచీ అక్కడే ఉన్న జనం గురించిన పుస్తకాలు. ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా, న్యూజీలాండ్, బ్రెజిల్. "ఏం చదవాలో ఒక లిస్టు ఇవ్వవా" అని ఒకరిద్దరు అడిగితే ఈ పోస్టు మొదలుపెట్టాను. లిస్టు కాలేదు. నా పని మీద నాకే అనుమానం తెప్పించిన పుస్తకాల గొడవ అయింది. లిస్టే కావాలనుకునేవాళ్లు పేర్లు ఏరుకుని వెళ్లిపోవచ్చు, నేనేం అనుకోను.

ఇదంతా శాలీ మోర్గన్ వల్ల. స్నేహితురాలు ఇల్లు మారుతూ వదిలించుకున్న అట్టపెట్టెలో దొరికింది ఆవిడ రాసిన 'మై ప్లేస్'. 1987లో ఆస్ట్రేలియాలో వచ్చిన ఆత్మకథ. శాలీ పెర్త్‌లో పెరిగింది. బళ్లో పిల్లలు "మీది ఏ దేశం?" అని అడిగేవాళ్లు. చూడ్డానికి తమలా లేదు కదా మరి. ఇంటికొచ్చి అమ్మని అడిగితే, ఇండియా అని చెప్పండి అంది వాళ్లమ్మ. అంతే. బళ్లో వాళ్లు నమ్మేశారు, శాలీ కూడా నమ్మేసింది.

ఆ వాక్యం దగ్గర మొదట నవ్వొచ్చింది. తర్వాత పేజీ తిప్పబుద్ధి కాలేదు. కొలంబస్ మన పేరుని ఒక ఖండం మీద పొరపాటున అతికించిపోయాడు. ఇంకో ఖండంలో ఒక తల్లి అదే పేరుని కావాలని అరువు తెచ్చుకుని పిల్లలకి తొడిగింది.

శాలీ వాళ్లది నిజానికి అబోరిజినల్ కుటుంబం, అంటే అక్కడి ఆదిమ ప్రజలు. ఆ సంగతి ఎందుకు దాచారో తెలియాలంటే ఒక చట్టం గురించి చెప్పాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1905లో చేసిన చట్టం ప్రకారం అబోరిజినల్ పిల్లలందరికీ, మిశ్రమ సంతానానికి కూడా, పదహారేళ్లు వచ్చేదాకా చట్టబద్ధమైన సంరక్షకుడు తల్లీ కాదు, తండ్రీ కాదు. 'చీఫ్ ప్రొటెక్టర్' అనే ప్రభుత్వ అధికారి. ఆయన తీసుకెళ్లమంటే పిల్లల్ని తీసుకెళ్లిపోవచ్చు. శాలీ వాళ్లమ్మ గ్లాడిస్ అలాగే అనాథాశ్రమంలో పెరిగింది, తల్లి బతికి ఉండగానే. అమ్మమ్మ డైసీకి ప్రభుత్వం మనిషి అంటేనే వణుకు. అలాంటి ఇంట్లో 'ఇండియా' అన్నది అబద్ధం కూడా కాదు, తలుపు గడియ.

శాలీ పెద్దయ్యాక టేప్ రికార్డర్ పట్టుకుని వెంటపడింది. అమ్మమ్మ అన్న ఆర్థర్ మాట్లాడాడు, తర్వాత అమ్మ, అందరికంటే ఆఖరున, బతిమాలించుకుని బతిమాలించుకుని, అమ్మమ్మ. ముగ్గురి కథలూ వాళ్ల గొంతులతోనే పుస్తకంలో ఉంటాయి. అయినా అమ్మమ్మ అన్నీ చెప్పలేదు. కొన్ని నాతోనే పోతాయి అంది, అలాగే పోయాయి. ప్రూఫ్ రీడర్‌కి ఖాళీ అంటే పడదు. మేటర్‌లో ఎక్కడైనా తెంపు కనిపిస్తే మార్జిన్లో ప్రశ్నార్థకం పెట్టి రచయితకి తిప్పి పంపుతాం. ఈ పుస్తకంలో ఎన్నిచోట్ల ప్రశ్నార్థకం పెట్టాలనిపించిందో. పంపడానికి మనిషి లేదు.

తర్వాత చదివింది డోరిస్ పిల్కింగ్టన్ రాసిన 'ఫాలో ద రాబిట్-ప్రూఫ్ ఫెన్స్'. 1996లో వచ్చింది. సినిమా చూసినవాళ్లు ఉంటారు. 1931లో అదే పశ్చిమ ఆస్ట్రేలియాలో జిగలాంగ్ అనే ఊరి నుంచి ముగ్గురు అబోరిజినల్ ఆడపిల్లల్ని, మోలీ, డైసీ, గ్రేసీలని, పోలీసు పట్టుకెళ్లి మూర్ రివర్ అనే శిబిరంలో పడేస్తాడు. మోలీకి పద్నాలుగేళ్లు. అందరికంటే పెద్దది తనే. వెళ్లిన మర్నాడే చెల్లెళ్లిద్దర్నీ వెంటేసుకుని ఇంటిదారి పడుతుంది. 1600 కిలోమీటర్ల నడక. దారి ఎలా తెలుసు? తెల్లవాళ్లు తెచ్చిన కుందేళ్లు దేశమంతా పాకిపోతుంటే, వాటిని ఆపడానికి అదే తెల్లవాళ్లు 1901 నుంచి 1907 దాకా ఉత్తరం నుంచి దక్షిణానికి 1800 కిలోమీటర్ల పైచిలుకు కంచె కట్టారు. కుందేళ్లు ఆగలేదు. కానీ ఆ కంచె మోలీ వాళ్ల ఊరి పక్కనుంచే పోతుంది. అది దొరికితే ఇల్లు దొరికినట్టే. ముగ్గురిలో గ్రేసీ దారిలో దొరికిపోయింది. మిగతా ఇద్దరూ చేరారు.

సినిమా దాదాపు అక్కడితో అయిపోతుంది, మనమూ కళ్లు తుడుచుకుని లేస్తాం. నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి సంగతి. రాసిన డోరిస్ ఎవరో కాదు, ఆ మోలీ కూతురే. మోలీ పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక 1940లో ఆమెని మళ్లీ అదే మూర్ రివర్‌కి తీసుకెళ్లారు. ఆమె మళ్లీ పారిపోయింది, మళ్లీ నడిచింది. ఈసారి చంకలో చిన్న కూతురు, ఏడాదిన్నర పిల్ల. రెండోదాన్ని కూడా ఎత్తుకుని అంత దూరం నడవడం అయ్యే పని కాదు. నాలుగేళ్లయినా నిండని డోరిస్ శిబిరంలోనే ఉండిపోయింది. తల్లీకూతుళ్లు మళ్లీ కలిసేసరికి ఇరవై ఏళ్లు దాటాయి. చంకనెత్తుకుని తీసుకెళ్లిన చిన్నపిల్లని కూడా తర్వాత ప్రభుత్వం లాక్కుపోయింది. తల్లి ఆ బిడ్డని మళ్లీ చూడలేదు.

ఇంత జరిగిన మనిషి, తనని వదిలి నడిచివెళ్లిన తల్లి గురించి రాయడానికి కూర్చుని, ఆమె చిన్నప్పటి నడకని రాసింది. తన గోడు రాసుకోలేదు. 'అమ్మ' అని కూడా కాదు, 'మోలీ' అనే రాసింది, ఎవరో మనిషి గురించి రాసినట్టు. ముందుమాటలో పని గురించి చెబుతుంది. అమ్మకీ పిన్ని డైసీకీ చదువు లేదు, తేదీలు, మైళ్లు వాళ్ల లెక్కలో లేవు, రుతువుల్ని బట్టి జ్ఞాపకం. ఇటు ప్రభుత్వ ఫైళ్లలో తేదీలున్నాయి, టెలిగ్రాములున్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి సరిచూసుకుంటూ రాసింది. నేను రోజూ చేసేది కూడా ఇదే, ఒరిజినల్‌ని ఒక పక్కా ప్రూఫుని ఒక పక్కా పెట్టుకుని లైను లైనూ చూడటం. కాకపోతే నా టేబుల్ మీద ఏది ఒరిజినలో ముందే తెలుసు. డోరిస్ టేబుల్ మీద ప్రభుత్వ కాగితానిది అచ్చులో ఉన్న బలం, అమ్మది నోటిమాట. ఆవిడ అమ్మ మాటని ఒరిజినల్‌గా పెట్టుకుంది. డోరిస్ పుట్టినరోజు కూడా ఆఫీసువాళ్లు వేసిందే, 1937 జులై 1. ఆవిడ పుట్టింది ఒక చెట్టు కింద. చెట్టుకి తేదీ తెలియదు.

అక్కడినుంచి అమెరికా వెళ్లాను. అందరూ ముందు చెప్పేది డీ బ్రౌన్ రాసిన 'బరీ మై హార్ట్ ఎట్ వూండెడ్ నీ', 1970. మంచి పుస్తకం, కాదనను. 1860 నుంచి 1890 దాకా ఆదిమ ప్రజలతో ప్రభుత్వం చేసుకున్న ఒక్కో ఒప్పందం ఎలా చిరిగిందో వరసగా చెబుతుంది. రచయిత లైబ్రేరియన్, ఆ ఓపిక పేజీ పేజీలో కనిపిస్తుంది. కానీ 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ అనే చోట అమెరికా సైన్యం లకోటా ప్రజల ఆడవాళ్లనీ పిల్లల్నీ కాల్చి చంపడంతో పుస్తకం ముగుస్తుంది. దానితో పాటే ఆ జనమూ ముగిసిపోయారు అన్నట్టు పాఠకుడు పుస్తకం మూస్తాడు. ఆజిబ్వే అనే ఇంకో ఆదిమ ప్రజకి చెందిన డేవిడ్ ట్రాయర్‌కి ఇదే ఒళ్లు మండింది. 2019లో 'ద హార్ట్‌బీట్ ఆఫ్ వూండెడ్ నీ' అని రాసి, కథని సరిగ్గా 1890 నుంచే అందుకున్నాడు. 1900 జనాభా లెక్కల్లో అమెరికా మొత్తం మీద 2,37,000 మంది ఆదిమవాసులు మిగిలారు. ఆ మిగిలినవాళ్లు ఏం చేశారు, ఏం చదువుకున్నారు, ఏ యుద్ధాలకి వెళ్లారు, ఏ కేసులు గెలిచారు, ఇదీ ఆయన సబ్జెక్టు. కాస్త లావు పుస్తకం, మధ్యలో నాకు రెండుసార్లు నిద్రొచ్చింది. అయినా ఈ రెండూ పక్కపక్కన చదవాలి, ఆ వరసలోనే.

నన్ను నిజంగా ఇరకాటంలో పెట్టింది మాత్రం ఇంకో పాత పుస్తకం. 'బ్లాక్ ఎల్క్ స్పీక్స్', 1932. బ్లాక్ ఎల్క్ లకోటా పెద్దమనిషి, పన్నెండేళ్లప్పుడు తనవాళ్లు అమెరికా సైన్యాన్ని ఓడించిన లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధం చూశాడు, వూండెడ్ నీ కాల్పులు చూశాడు, మధ్యలో ఒక వినోద ప్రదర్శన బృందంతో ఇంగ్లండు వెళ్లి విక్టోరియా రాణిని కూడా చూసొచ్చాడు. 1931లో జాన్ నైహార్ట్ అనే కవి ఆయన దగ్గరికెళ్లి కూర్చున్నాడు. పుస్తకం తయారైన తీరు చూడండి. ముసలాయన లకోటాలో చెబుతాడు. కొడుకు బెన్ ఇంగ్లిష్‌లో చెబుతాడు. నైహార్ట్ ఆ ఇంగ్లిష్‌ని ఇంకొంచెం సాపు చేసి తిరిగి చెబుతాడు. నైహార్ట్ కూతురు ఈనిడ్ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటుంది. ఆమే తర్వాత టైపు చేస్తుంది. ఆ టైపు కాగితాల మీంచి నైహార్ట్ పుస్తకం రాస్తాడు. నాలుగు చేతులు మారింది.

ఆ పుస్తకంలో జనం తెగ ఉదహరించే చోటు ఒకటుంది. వూండెడ్ నీ మంచులో ఒక జాతి కల కూడా చచ్చిపోయింది అనే ఆఖరి పేరా. ఎక్కడ చూసినా అదే. 1984లో ఒక మానవశాస్త్రవేత్త ఆ షార్ట్‌హ్యాండ్ కాగితాలన్నీ అచ్చు వేశాడు. వాటిలో ఆ మాటలు లేవు. నైహార్ట్ కూడా దాచలేదు, మొదలూ చివరా తాను రాసినవేనని ఒప్పుకున్నాడు. మోసం చేద్దామని రాయలేదు, ముసలాయన చెప్పగలిగితే ఇలాగే చెప్పేవాడు అనుకున్నాడు. ఇంకో సంగతి, బ్లాక్ ఎల్క్ 1904లో కేథలిక్ అయ్యాడు, ఊరూరా తిరిగి మతబోధ చేశాడు. పుస్తకంలో అది లేదు. అడవి మనిషి చివరి దర్శనం అనే బొమ్మకి చర్చి అడ్డం కదా.

ఇది చదివిన రాత్రి నాకు నా పాపం ఒకటి గుర్తొచ్చింది.

పదిహేనేళ్ల కిందట ఒక పెద్దావిడ జీవితకథ నా దగ్గరికొచ్చింది. చదువు మూడో తరగతితో ఆగిపోయిన మనిషి. మూడు నోట్‌బుక్కుల్లో, సొంత చేత్తో, లైను వదలకుండా రాసింది. "కొంచెం శుభ్రం చేసి ఇవ్వండి" అన్నారు అచ్చు వేసేవాళ్లు. చేశాను. ఆవిడ 'పొద్దుగూకే యాళకి' అని రాస్తే 'సాయంత్రమయ్యేసరికి' అని దిద్దాను. చనిపోయిన మొగుణ్ణి ఆవిడ పుస్తకం పొడుగునా 'సచ్చినోడు' అంది. తిట్టు కాదు, ముద్దు. నాకా సంగతి తెలుసు కూడా. అయినా 'ఆయన' చేశాను, పాఠకులు అపార్థం చేసుకుంటారని. పుస్తకం వచ్చాక ఆవిడకి మొదటి కాపీ ఇచ్చారు. తిరగేసి చూసి, "అచ్చరాలు బాగుండాయి" అంది. నేను దాన్ని మెప్పు అనుకుని ఇంటికొచ్చాను.

నైహార్ట్ చేసింది కవి పని. నాది గుమాస్తా పని. కానీ చెయ్యి అదే.

మధ్యలో ఎవరూ లేని పుస్తకం కావాలనిపించి జిట్కాలా-షా దగ్గరికి పోయాను. అమెరికాలో యాంక్టన్ డకోటా అనే ఆదిమ ప్రజల ఆడపిల్ల, ఎనిమిదేళ్లప్పుడు మిషన్ బడికి తీసుకెళ్లారు. 1900లో తన బడి రోజుల గురించి ఒక పత్రికలో తానే రాసింది. జుట్టు కత్తిరించే చోటు ఒకటుంది. వాళ్లలో జుట్టు పొట్టిగా ఉండేది చావు మైల పట్టినవాళ్లకి, లేదా శత్రువుకి చిక్కిన పిరికివాడికి. కత్తిరిస్తారని తెలిసి ఆ పిల్ల మెట్లెక్కి, ఎవరూ లేని గదిలో మంచం కిందకి దూరి మూలకి నక్కుతుంది. కాళ్ల చప్పుళ్లు వినిపిస్తాయి, తన పేరు పిలుస్తున్నారు, తను పలకదు. వంగి మంచం కింద చూసి బయటికి లాగుతారు. తన్నుతుంది, రక్కుతుంది. కుర్చీకి కట్టేస్తారు. మెడ మీద కత్తెర చల్లగా తగిలిందని రాస్తుంది. ఏడుపు గురించి కంటే ఆ చల్లదనం గురించే నాకు ఇప్పటికీ జ్ఞాపకం. మధ్యలో రాసిపెట్టేవాళ్లు లేరు, సాపు చేసేవాళ్లు లేరు. అయితే కత్తెర పట్టుకున్నవాళ్ల భాషలోనే రాసింది. ఆ బడిలో నేర్చుకున్న ఇంగ్లిషే అది.

ఇక మారియా క్యాంప్‌బెల్. ఈ మూడేళ్లలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కుదిపింది ఇదే.

'హాఫ్‌బ్రీడ్', కెనడా, 1973. ఆమె మెటీ మనిషి. అంటే బొచ్చు వ్యాపారానికి వచ్చిన యూరోపు మగవాళ్లకీ అక్కడి ఆడవాళ్లకీ పుట్టిన సంతతి నుంచి ఏర్పడ్డ ప్రజ. తమ భూముల కోసం 1885లో తిరగబడి బటోష్ దగ్గర ఓడిపోయారు, నాయకుడు లూయీ రియెల్‌ని ఉరి తీశారు. భూమి పోయాక రోడ్ల కోసం ప్రభుత్వం వదిలిపెట్టిన పట్టీల్లో గుడిసెలు వేసుకున్నారు. 'రోడ్ అలవెన్స్ పీపుల్' అంటారు వాళ్లని. ఏ పొలానికీ చెందరు, రోడ్డుకీ చెందరు. మారియాకి చీచుమ్ అని ముత్తవ్వ ఉంటుంది, పుస్తకానికి వెన్నెముక. ప్రభుత్వం ఏదైనా ఇస్తే పుచ్చుకోకు అంటుంది. వాళ్లు నీకున్న మర్యాదంతా తీసుకుని, బదులుగా నీ సిగ్గు కప్పుకోవడానికి ఒక దుప్పటి ఇస్తారు అంటుంది. ఆ దుప్పటి మాట పుస్తకం మధ్య మధ్య తిరిగి తిరిగి వస్తుంది.

నేను ముందు చదివింది పాత ముద్రణ. అదే అట్టపెట్టెలోంచి. చదివాను, ఏడ్చాను, మూశాను. తర్వాత తెలిసింది, అందులో ఒక ఘట్టం లేదని. పద్నాలుగేళ్ల వయసులో ఇంట్లోనే ఒక మౌంటెడ్ పోలీసు, అంటే కెనడా కేంద్ర పోలీసు, తన మీద అత్యాచారం చేశాడని మారియా రాసింది. ప్రచురణకర్తలు ఆ పేజీలు తీసేశారు. పోలీసులు కోర్టుకెళ్లి పుస్తకాన్ని ఆపేయిస్తారని భయం. ఆమె వద్దన్నా తీసేశారు. పుస్తకం బాగా అమ్ముడుపోయింది, కాలేజీల్లో పాఠమైంది, తరాల తరబడి జనం చదివారు, ఆ పేజీలు లేకుండానే. 2018లో ఒక పరిశోధక విద్యార్థిని ఆ సంస్థ పాత కాగితాలున్న యూనివర్సిటీ భాండాగారంలో వెతుకుతుంటే టైపు ప్రతి దొరికింది. ఆ పేజీలు కొట్టేసి ఉన్నాయి. 2019లో వాటిని కలిపి కొత్త ముద్రణ వచ్చింది. నలభై ఆరేళ్లు.

కొత్తది తెప్పించుకుని, పాతదాన్ని పక్కన పెట్టుకుని, పనిలో కూర్చున్నట్టే కూర్చున్నాను. స్కేలు పెట్టి లైను లైనూ. చోటు దొరికింది. పాత ప్రతిలో ఆ చోట అతుకు కనిపించదు. ఎంత చూసినా కనిపించదు. నాకు కోపం వచ్చింది ఆ పోలీసు మీదో ప్రచురణకర్తల మీదో మాత్రమే కాదు. ఇరవై ఏడేళ్ల అనుభవం ఉన్న నేను ఆ పేజీ చదివి, తెంపు ఉందని కనిపెట్టలేకపోయాను. ఎందుకంటే మంచి ఎడిటింగ్ అంటే అదే మరి. అతుకు తెలియకూడదు. కొత్తగా చేరిన పిల్లలకి నేను నేర్పేది కూడా అదే.

ఆ విసుగులో కొంతకాలం జీవితకథలు మానేసి, మా వృత్తికి సంబంధించిన పుస్తకమే పట్టుకున్నాను. గ్రెగరీ యంగింగ్ అని, కెనడాలో క్రీ అనే ఆదిమ ప్రజకి చెందిన ఎడిటర్, 2018లో 'ఎలిమెంట్స్ ఆఫ్ ఇండిజినస్ స్టైల్' అని రాశాడు. ఆదిమ ప్రజల గురించి రాసేవాళ్లకీ, దిద్దేవాళ్లకీ మార్గదర్శి. ఇండిజినస్ అనే మాటని పెద్ద అక్షరంతో మొదలుపెట్టాలి అంటాడు, ఫ్రెంచ్ అనో బ్రిటిష్ అనో రాసినట్టే. ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. తెలుగులో పెద్ద అక్షరాలు లేవు. ఆ గౌరవం ఇవ్వడానికీ కుదరదు, ఎగ్గొట్టడానికీ కుదరదు. హమ్మయ్య అనుకున్నాను. అంత తొందరగా ఊపిరి పీల్చుకోవాల్సింది కాదు.

ఆయన ఇంకో రెండు సంగతులు చెబుతాడు. ఒకటి, 'కెనడా వారి ఆదిమ ప్రజలు' అని ఆస్తిని చెప్పినట్టు చెప్పొద్దు. రెండోది, అవసరం లేనిచోట భూతకాలం వాడొద్దు. ఈ రెండోది చదివి, ఆ వారమే దిద్దిన ఒక పిల్లల వ్యాసం బయటికి తీశాను. అమెరికా ఆదిమవాసుల గురించి. ఒక్క పేజీ. 'గుడారాల్లో నివసించేవారు. అడవిదున్నలను వేటాడేవారు. ప్రకృతిని పూజించేవారు. ఈకలు ధరించేవారు.' లెక్కపెట్టాను, పదకొండు 'ఏవారు'లు. ఒక్క 'ఉన్నారు' లేదు. నేను అందులో ఒక దీర్ఘం, రెండు కామాలు సరిచేసి పంపేశాను. పెద్ద అక్షరం మనకి లేకపోతేనేం, 'ఏవారు' ఉంది. మనుషుల్ని బతికుండగానే మ్యూజియంలో పెట్టడానికి తెలుగులో అంతకంటే అనువైన క్రియ లేదు.

'తెగ' అన్న మాట ఇంకొకటి. అమెరికాలోని నవాజోలు తమని తాము 'నవాజో నేషన్' అని రాసుకుంటారు. వాళ్లకి అధ్యక్షుడున్నాడు, శాసనసభ ఉంది, కోర్టులున్నాయి, 70 వేల చదరపు కిలోమీటర్లు దాటిన నేల ఉంది. జనం సుమారు నాలుగు లక్షలు. ఐస్‌లాండ్ జనాభా కూడా ఇంచుమించు అంతే. ఐస్‌లాండ్ తెగ అని ఎవరైనా రాస్తే నేను ఎర్ర గుండ్రం చుడతాను. నవాజో తెగ అని రాస్తే చూడకుండా దాటిపోతాను. దాటిపోయేదాన్ని. ఇప్పుడు 'నవాజోలు' అని మారుస్తున్నాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, ఎవరూ గమనించినట్టు కూడా లేదు.

న్యూజీలాండ్ నుంచి రెండు పుస్తకాలు చదివాను. ఒకటి లిండా తుహివాయ్ స్మిత్ 1999లో రాసిన 'డీకలొనైజింగ్ మెథడాలజీస్'. పరిశోధన అన్న మాటే ఆదిమ ప్రజల నోట అతి మురికి మాటల్లో ఒకటి అని మొదలవుతుంది. మొదలు అదిరింది, తర్వాత అధ్యాయాలు మాత్రం క్లాసు రూములో కూర్చున్నట్టు ఉంటాయి. రెండోది ప్యాట్రీషియా గ్రేస్ నవల 'పోటికి', 1986. సముద్రం ఒడ్డున మావోరీ ఊరు, అక్కడ టూరిస్టు రిసార్టు కట్టాలని ఒక కంపెనీ. వచ్చిన పెద్దమనిషి పేరు డోల్మన్. ఊరివాళ్ల నోట్లో అది 'డాలర్‌మ్యాన్' అయిపోతుంది. డబ్బుకి లొంగకపోతే స్మశానం మీదికి వరద, ఆ తర్వాత ఊరి సమావేశ మందిరానికి నిప్పు.

నవలలో మావోరీ మాటలు బోలెడు. వంకర అక్షరాల్లో వేయలేదు, చివర పదకోశం లేదు. పదకోశం పరాయి భాషలకి, మావోరీ తన దేశంలోనే పరాయి భాష ఎలా అవుతుంది అన్నది ఆవిడ లెక్క. నేను చదువుతున్నప్పుడు వెనక పేజీకి మూడుసార్లు వేలు పోయింది, అలవాటు కొద్దీ. ఏమీ లేదక్కడ. నాలుగోసారి వెళ్లలేదు. నలభయ్యో పేజీకి వచ్చేసరికి 'వరేనుయి' అంటే ఆ మందిరమేనని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. ఎన్ని మాండలికం పుస్తకాల వెనక నేను పట్టుబట్టి పదకోశం చేర్పించానో లెక్క చెప్పను.

ఆఖరున చదివింది బ్రెజిల్‌ది. అమెజాన్ అడవిలో ఉండే యానోమామిల షమన్, అంటే ఆత్మలతో మాట్లాడి వైద్యం చేసే మనిషి, డావీ కోపెనావా చెప్పగా బ్రూనో... కాదు, బ్రూస్ అల్బెర్ అనే ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త రాసిన 'ద ఫాలింగ్ స్కై'. ఫ్రెంచ్‌లో 2010లో వచ్చింది, ఇంగ్లిష్‌లో 2013లో. (పేరు తప్పు రాసి దిద్దుకున్నాను, ఉంచేస్తున్నాను, నేను కూడా పొరబడతానని తెలియాలి.) బంగారం తవ్వుకునేవాళ్లు 1980ల చివర వేలల్లో అడవి మీద పడ్డారు, మలేరియా తెచ్చారు, నదుల్లో పాదరసం పోశారు. 1992లో ఆ నేలకి ప్రభుత్వం హద్దులు గీసి యానోమామిలదని ఒప్పుకుంది. తవ్వేవాళ్లు మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నారు. ఇక్కడా చెప్పేది ఒకరు, రాసేది ఇంకొకరు. కానీ బ్లాక్ ఎల్క్‌కీ ఈయనకీ తేడా ఉంది. అల్బెర్‌కి యానోమామి భాష వచ్చు, దశాబ్దాల స్నేహం. కోపెనావా మొదట్లోనే ఎందుకు చెబుతున్నాడో, ఎవరికి చెబుతున్నాడో స్పష్టంగా చెప్పేస్తాడు. తెల్లవాళ్లు చదవాలి, అందుకని చెబుతున్నాడు. లేకపోతే ఆయనకి పుస్తకం అక్కర్లేదు. కాగితాన్ని ఆయన చర్మం అంటాడు, మాటల్ని గీసి పెట్టుకునే చర్మం. తెల్లవాళ్ల బుర్ర నిండా మరుపు, అందుకే వాళ్లకి ఈ కాగితాలు కావాలి అంటాడు.

జీవితమంతా ఆ చర్మం మీద ఎర్రగీతలు పెట్టుకుంటూ బతికినదాన్ని. నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు.

పోయిన నెల ఆ పెద్దావిడ పుస్తకం రెండో ముద్రణ వేస్తామని కబురొచ్చింది. ఆవిడ ఇప్పుడు లేదు. నేను వాళ్లమ్మాయికి ఫోన్ చేశాను. "అమ్మ రాసిన నోట్‌బుక్కులు ఉన్నాయామ్మా?" అని అడిగాను. "ఎందుకక్కా, పుస్తకం ఉందిగా" అంది. ఎందుకో చెప్పడానికి చాలాసేపు పట్టింది. చెప్పాక అటునుంచి కాసేపు మాట లేదు. "మా నాన్నని ఆయన అని ఎవరు రాశారా అనుకున్నాం" అంది చివరికి.

రెండు వారాల తర్వాత తనే తెచ్చిచ్చింది. రెండు నోట్‌బుక్కులు బాగానే ఉన్నాయి, అట్టలు ఊడినా లోపల అక్షరం చెదరలేదు. రోజుకి పది పేజీల చొప్పున పక్కన పెట్టుకుని, నేను దిద్దినవన్నీ వెనక్కి దిద్దుతున్నాను. 'పొద్దుగూకే యాళకి' పంతొమ్మిది చోట్ల. 'సచ్చినోడు' ఎన్నిసార్లో ఇంకా తేలలేదు. డీటీపీ చేసే కుర్రాడు "మేడమ్, ఇది తప్పు కదా" అని రెండుసార్లు ఫోన్ చేశాడు.

మూడో నోట్‌బుక్ చెదలు తిన్నాయి. ఆవిడ భర్త పోయిన భాగం అందులో ఉంది. ఆ అధ్యాయం అచ్చు పుస్తకంలో ఉన్నదే గతి. అందులో నేను ఏ మాటలు మార్చానో నాకు గుర్తు లేదు. ఎంత చదివినా అతుకు దొరకడం లేదు.